మారుతి 800: సాధారణ యాంత్రిక లోపాలు, నిర్వహణ వ్యయం

భారతదేశంలో మధ్యతరగతి కుటుంబాన్ని స్కూటరు నుండి కారుకు చేర్చిన వాహనం మారుతి 800. జపాను దేశపు సుజుకి సంస్థ రూపొందించిన చిన్న కారు దీనికి మూలం. 1983 డిసెంబరు 14న గుర్‌గావ్‌లో తయారైన తొలి కారు తాళాలను నాటి ప్రధాని ఇందిరాగాంధీ కొనుగోలుదారునికి అందజేశారు. 1986లో దీని పైరూపం మారింది. 2000 ప్రాంతంలో కార్బ్యురేటర్ స్థానాన్ని ఇంధనాన్ని చిమ్మే ఎమ్.పి.ఎఫ్.ఐ. విధానం ఆక్రమించింది. 2014 జనవరి 18న ఉత్పత్తి నిలిచిపోయింది.

ఉత్పత్తి ఆగినా వాడుక ఆగలేదు. సరిహద్దు జిల్లాల పట్టణాలలో, పల్లెలలో ఈ కారు నేటికీ చేతులు మారుతూనే ఉంది. తక్కువ ధరకు లభించడం, ఏ ఊరి మెకానిక్కుకైనా దీని పని తెలిసి ఉండటం, ఇరుకు వీధిలో సులువుగా తిరగడం దీని ఆకర్షణలు. అయితే పాత కారు విషయంలో కొన్న ధర వేరు, నిలుపుకొనే ఖర్చు వేరు. ఈ కారులో పెద్ద ఖర్చు తెచ్చే లోపాలు చాలావరకు చిన్న భాగాన్ని ఉపేక్షించడం వలన పుట్టేవే. సరిహద్దు ప్రాంతంలో దీనికి తోడు మరొక చిక్కు ఉంది. ఇంజను బాగున్నా కాగితాలు బాగుండని కారు యజమానికి భారమే అవుతుంది. కాబట్టి ఈ రెండింటినీ కలిపి పరిశీలించడం అవసరం.

నిర్మాణం

మారుతి 800 ఇంజను మూడు సిలిండర్లది. దాని సామర్థ్యం 796 సి.సి. కార్బ్యురేటర్ నమూనాల శక్తి సుమారు 37 హార్స్ పవర్. ఇంజను ముందు భాగంలో అడ్డంగా అమర్చి ఉంటుంది. ముందు చక్రాలే బండిని లాగుతాయి. పొడవు 3,335 మి.మీ., వెడల్పు 1,440 మి.మీ., ముందు వెనుక చక్రాల నడుమ దూరం 2,175 మి.మీ. చక్రాలు 12 అంగుళాలవి. తరువాతి నమూనాలలో ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, వెనుక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు ఉంటాయి. స్టీరింగుకు పవర్ సహాయం లేదు. ఎయిర్ బ్యాగులు లేవు.

ఈ వివరాలలోనే దాని బలమూ, బలహీనతా ఉన్నాయి. తేలికైన బండి కనుక తక్కువ పెట్రోలుతో నడుస్తుంది. ఇంజను చిన్నది కనుక నిండా మనుషులు, సామాను, పైన ఏ.సి. ఉన్నప్పుడు దాదాపు పూర్తి శక్తితో పనిచేయవలసి వస్తుంది. నాలుగు సిలిండర్ల బండిలో ఒక సిలిండరు పని మానితే నాలుగవ వంతు శక్తి పోతుంది. ఇందులో మూడవ వంతు పోతుంది. అందువలన చిన్న లోపం కూడా ఈ కారులో త్వరగా బయటపడుతుంది. దానిని వెంటనే గుర్తించిన యజమానికి ఇది మేలే.

ఇంజను వేడెక్కడం

పాత మారుతిని పెద్ద ఖర్చుకు గురిచేసే లోపాలలో మొదటిది ఇదే. ఇంజను హెడ్డు అల్యూమినియంతో చేసినది. అతిగా వేడెక్కితే అది వంగుతుంది. హెడ్ గాస్కెట్ కాలిపోతుంది. అప్పుడు హెడ్డు విప్పడం, సమం చేయించడం, కొత్త గాస్కెట్ వేయడం తప్పదు. వందల రూపాయలతో పోయే పని వేలల్లోకి, ఒక్కొక్కసారి పదుల వేలల్లోకి చేరుతుంది.

దీనికి మూల కారణాలు మాత్రం చిన్నవి. రేడియేటర్ గొట్టం పగలడం, మూత రబ్బరు అరిగి ఒత్తిడి నిలపలేకపోవడం, విద్యుత్ ఫ్యాను ఫ్యూజు లేదా స్విచ్చి పనిచేయకపోవడం, నీటి పంపు కారడం, థర్మోస్టాట్ మూసుకుపోవడం ముఖ్యమైనవి. కోలారు, పావగడ, అనంతపురం వంటి బోరునీటి ప్రాంతాలలో మరొక కారణం తోడవుతుంది. రేడియేటర్‌లో గట్టినీరు పోస్తూ ఉంటే లోపల సుద్ద పొర కట్టి సన్నని గొట్టాలు పూడిపోతాయి. శుద్ధి చేసిన నీటిలో తగిన పాళ్లలో కూలెంట్ కలిపి పోయడమే దీనికి పరిష్కారం. కూలెంట్ తుప్పును కూడా అడ్డుకుంటుంది.

వేడెక్కిన బండికి థర్మోస్టాట్ పీకి పారవేయడం కొన్ని షెడ్లలో అలవాటు. అది చికిత్స కాదు. థర్మోస్టాట్ లేని ఇంజను తగిన వేడికి చేరడానికి చాలా సమయం తీసుకుంటుంది. పెట్రోలు ఎక్కువ త్రాగుతుంది. ఆయిల్‌లో మడ్డి చేరుతుంది. అసలు లోపం మరుగున పడుతుంది.

ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత వైపు కదలగానే ఏ.సి. ఆపి, బండిని ప్రక్కకు నిలిపి, ఇంజను ఆపవలెను. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయరాదు. లోపలి నీరు ఒత్తిడిలో ఉంటుంది. మూత తీసిన క్షణంలో ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. కనీసం అరగంట ఆగిన తరువాతనే మూత ముట్టుకోవలెను.

ఆయిల్, పొగ రంగులు

ఇంజను ఆయిల్ మట్టాన్ని వారానికొకసారి గేజు కడ్డీతో చూడటం ఖర్చు లేని పని. బండి సమతలంగా నిలిపి, ఇంజను ఆపి కొన్ని నిమిషాలైన తరువాత చూడవలెను. సైలెన్సర్ నుండి వచ్చే పొగ రంగు లోపలి స్థితిని తెలుపుతుంది.

నీలిపొగ ఆయిల్ కాలుతున్నదనడానికి గుర్తు. ఉదయం తొలిసారి ఇంజను వేయగానే నీలిపొగ వచ్చి తగ్గిపోతే వాల్వుల సీళ్లు గట్టిపడి ఉండవచ్చు. యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ వస్తే పిస్టన్ రింగులు అరిగి ఉండవచ్చు. మొదటిది మధ్యరకం ఖర్చు. రెండవది ఇంజను బోరు పని. నల్లపొగ పెట్రోలు ఎక్కువగా కాలుతున్నదని చెబుతుంది. ఇంజను వేడెక్కిన తరువాత కూడా ఎడతెగని తెల్లపొగ వస్తూ, రేడియేటర్ నీరు తగ్గుతూ ఉంటే హెడ్ గాస్కెట్‌ను అనుమానించవలెను. ఆయిల్ మూత లోపలి వైపు పాలమీగడ వంటి పదార్థం కనిపిస్తే ఆయిల్‌లో నీరు చేరి ఉండవచ్చు. చలికాలంలో చిన్న దూరాలే తిరిగే బండిలో తేమ వలన కూడా కొద్దిగా అలా కనిపించవచ్చు కనుక నీటి మట్టాన్ని కూడా చూచి నిర్ణయించవలెను.

టైమింగ్ బెల్టు

క్రాంక్‌నూ, కామ్‌నూ కలిపి త్రిప్పే పళ్ల రబ్బరు బెల్టు ఇది. మూత వెనుక ఉండటం వలన కంటికి కనబడదు. తెగేముందు చాలాసార్లు ఏ హెచ్చరికా ఇవ్వదు. తెగిన క్షణంలో ఇంజను ఆగిపోతుంది. రైలు గేటు మీదనో, కనుమ దారి మలుపులోనో అది జరిగితే ప్రమాదం ఖర్చుతో ముగియదు.

కిలోమీటర్ల లెక్క ఒక్కటే చూచి దీనిని వదిలివేయరాదు. తక్కువ తిరిగిన బండిలోనూ రబ్బరుకు వయసు వస్తుంది. పాత కారు కొన్నవారికి, బెల్టు ఎప్పుడు మార్చారో రసీదుతో రుజువు లేనప్పుడు, మార్చలేదనే భావించి కొత్తది వేయించడం క్షేమం. దానితో పాటు టెన్షనర్ బేరింగును కూడా మార్పించవలెను. బేరింగు బిగుసుకుంటే కొత్త బెల్టు కూడా తెగుతుంది.

పెట్రోలు, నిప్పురవ్వ

బండి తడబడుతూ నడవడం, ఐడిల్‌లో వణకడం, ఎత్తు ఎక్కలేకపోవడం సాధారణ ఫిర్యాదులు. కార్బ్యురేటర్ నమూనాలలో మొదట చూడవలసినవి ప్లగ్గులు, ప్లగ్గు తీగలు, డిస్ట్రిబ్యూటర్ మూత, పాత బండ్లలో కాంటాక్ట్ పాయింట్లు. ఇవి సరిగా ఉన్న తరువాతనే కార్బ్యురేటర్ విప్పవలెను. ప్లగ్గు లోపానికి కార్బ్యురేటర్ విప్పడం, దానివలన కొత్త లోపం తెచ్చుకోవడం తరచుగా జరిగే పని. ఐడిల్ జెట్‌లో మట్టి, ఫ్లోట్ సూది అరుగుదల, చోక్ పూర్తిగా తెరచుకోకపోవడం కార్బ్యురేటర్‌లో వచ్చే ముఖ్య లోపాలు.

ఎమ్.పి.ఎఫ్.ఐ. నమూనాలలో ఇంధన ఫిల్టరు, ట్యాంకులోని విద్యుత్ పంపు, మురికిపట్టిన థ్రాటిల్ బాడీ, సెన్సార్లు చూడవలసి ఉంటుంది. మీటరులో ఇంజను గుర్తు దీపం వెలిగితే పరికరంతో కోడ్ చదివించవలెను. ఊహతో ఒకదాని తరువాత ఒకటిగా సెన్సార్లు మార్చడం వృథా ఖర్చు.

20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు 2025 నాటికి దేశమంతటా వాడుకలోకి వచ్చింది. మారుతి 800 తయారైన కాలంలో ఇటువంటి ఇంధనం లేదు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. దానికి తగినట్లు చేయని పాత రబ్బరును ఉబ్బిస్తుంది, పగిలిస్తుంది. ఇథనాల్ లేని ఇంధనానికి రూపొంది, 10 శాతానికి సర్దిన నాలుగు చక్రాల బండ్లలో 20 శాతం మిశ్రమం వలన మైలేజీ 6 నుండి 7 శాతం తగ్గవచ్చునని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసింది. పాత కారు యజమాని చేయదగిన పనులు రెండు. ఇంధన గొట్టాలను, కార్బ్యురేటర్ బండ్లలో పంపు డయాఫ్రంను పరీక్షించి ఇథనాల్‌ను తట్టుకొనే రకం వేయించడం మొదటిది. బండిని నెలల తరబడి కదపకుండా నిలపకపోవడం రెండవది. బానెట్ క్రింద పెట్రోలు వాసన వస్తే బండి నడపరాదు; అది అగ్నిప్రమాదానికి మొదటి సూచన.

కొన్ని కార్లకు గ్యాసు కిట్లు అమర్చి ఉంటాయి. ఆ మార్పు ఆర్.సి.లో నమోదై ఉండవలెను. సి.ఎన్.జి. సిలిండరుకు మూడేళ్లకొకసారి ఒత్తిడి పరీక్ష తప్పనిసరి. వంటగ్యాసు సిలిండరుతో నడిచే కారు ఎంత చౌకగా వచ్చినా కొనరాదు. అది చట్టవిరుద్ధం, ప్రాణాంతకం.

క్లచ్, యాక్సిల్, స్టీరింగు

ఇంజను వేగం పెరిగినా బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అరిగినట్లు. గేరు పడేటప్పుడు గరగరమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదని అర్థం. ఈ కారులో క్లచ్ కేబులుతో పనిచేస్తుంది కనుక ముందుగా కేబులు సర్దుబాటు చూడవలెను. ప్లేటు మార్చవలసి వస్తే గేరుబాక్సు దింపాలి. కూలి ఒకటే కనుక ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు కూడా అప్పుడే మార్చడం మంచిది. బేరింగు ఒక్కటి మిగిల్చి, ఆరునెలలకు దానికోసం మళ్లీ గేరుబాక్సు దింపిన యజమాని కూలి రెండుసార్లు చెల్లిస్తాడు.

స్టీరింగు పూర్తిగా త్రిప్పి కదిలినప్పుడు ముందు చక్రం దగ్గర టకటక శబ్దం వస్తే యాక్సిల్ జాయింటు అరిగిందని తెలుసుకోవలెను. దీనికి మూలం జాయింటును కప్పే రబ్బరు బూటు చిరగడం. చిరిగిన బూటు నుండి గ్రీజు బయటికి పోతుంది, ఇసుక లోపలికి చేరుతుంది. సకాలంలో బూటు మార్చితే జాయింటు నిలుస్తుంది. చిన్న ఖర్చు పెద్ద ఖర్చును ఎలా ఆపుతుందో చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు.

గుంటలలో దడదడ శబ్దానికి లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు, షాక్ అబ్జార్బర్లు కారణం కావచ్చు. టైరు ఒక ప్రక్కనే అరుగుతుంటే అలైన్‌మెంట్ చూపించవలెను. బాల్ జాయింటు, టై రాడ్ ఎండ్ విషయంలో వాయిదా తగదు. అవి ఊడితే చక్రం అదుపు తప్పుతుంది.

బ్రేకులు

బ్రేకు పెడలు మెత్తగా క్రిందికి దిగితే గొట్టాలలో గాలి చేరి ఉండవచ్చు, లేదా వెనుక వీల్ సిలిండరు కారుతూ ఉండవచ్చు. బ్రేకు వేసినప్పుడు బండి ఒక ప్రక్కకు లాగితే ముందు కాలిపర్ బిగిసి ఉండవచ్చు. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్లకొకసారి మార్చవలెను. తేమ చేరిన ద్రవం వేడికి మరిగి, పెడలు నేలకు అంటుకుంటుంది.

రాయగడ, కోరాపుట్ కనుమ దారులలో, హోసూరు నుండి కృష్ణగిరికి దిగే దారిలో తిరిగేవారికి ఇది ప్రాణసంబంధమైన విషయం. దిగుడులో బండిని న్యూట్రల్‌లో వదిలి పెట్రోలు మిగిల్చే అలవాటు మానుకోవలెను. ఎక్కిన గేరులోనే దిగడం వలన ఇంజను కూడా వేగాన్ని అదుపు చేస్తుంది. బ్రేకులు చల్లగా ఉంటాయి.

భద్రత విషయంలో ఈ కారు పరిమితిని దాచరాదు. దీని తరువాతి తరానికి చెందిన ఆల్టో 800 (ఎయిర్ బ్యాగులు లేని రకం) 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ ఢీకొట్టే పరీక్షలో పెద్దల రక్షణకు ఒక్క నక్షత్రం కూడా పొందలేదు. అంతకంటె పాతదైన మారుతి 800ను జాతీయ రహదారిపై అతివేగంగా నడపడం వివేకం కాదు. సీటు బెల్టులు పనిచేస్తున్నాయో లేదో కొనేముందు లాగి చూడవలెను.

తుప్పు

ఇంజనును మార్చవచ్చు, గేరుబాక్సును మార్చవచ్చు. తుప్పు తిన్న దేహాన్ని నిలబెట్టడం మాత్రం కష్టం. ఈ కారులో తుప్పు ముందుగా పట్టే చోట్లు తలుపుల అడుగులు, తలుపు క్రింది గడపలు, కార్పెట్ క్రింది నేల, బ్యాటరీ పెట్టె క్రింది రేకు, వెనుక చక్రాల పైభాగం, డిక్కీలో స్టెప్నీ గుంట. ముందు షాక్ అబ్జార్బర్ పైకొస బిగించే చోట తుప్పు ఉంటే ఆ కారును వదిలివేయడమే మేలు.

పుటీ పెట్టి రంగు వేసిన రేకును గుర్తించడానికి సాధారణ అయస్కాంతం చాలు. పలుచని గుడ్డలో చుట్టి రేకు మీద ఆనిస్తే, పుటీ మందంగా ఉన్నచోట అది అంటదు. యానాం, బరంపురం వంటి తీరప్రాంతాలలో ఉప్పుగాలి వలన తుప్పు త్వరగా పడుతుంది. 2022 జూలైలో వచ్చిన గోదావరి వరదలలో యానాం జలమయమైంది. అటువంటి వరదనీటిలో మునిగిన కార్లు తరువాత దూర పట్టణాలలో అమ్మకానికి రావచ్చు. సీటు పట్టాల కొక్కేలలో బురద, డాష్‌బోర్డు వెనుక తీగలపై మట్టిగీత, కార్పెట్ క్రింద ముక్కవాసన వరద ఆనవాళ్లు. బళ్లారి వంటి ఎర్రధూళి ప్రాంతాలలో తుప్పు తక్కువైనా ఎయిర్ ఫిల్టరు త్వరగా పూడుతుంది. అక్కడ పుస్తకంలో చెప్పిన గడువుకంటె ముందే దానిని మార్చవలెను.

సరిహద్దులో కాగితాలు

మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం ఒక రాష్ట్రంలో నమోదైన వాహనాన్ని మరొక రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ కొత్త నంబరు తీసుకోవలెను. దానికి పాత కార్యాలయం నుండి 28వ ఫారంపై నిరభ్యంతర పత్రం, అనగా ఎన్.ఓ.సి., కావలెను. యాజమాన్య మార్పిడికి 29, 30 ఫారాలు ఉన్నాయి. కొన్నవారు 30 రోజులలో తెలియజేయవలెను. కొత్త రాష్ట్రంలో రోడ్డు పన్ను చెల్లించవలసి ఉంటుంది. పాత రాష్ట్రం నుండి మిగిలిన పన్ను వాపసు కోరడం వేరే దరఖాస్తు. కారు ధరలో ఈ ఖర్చును కలపని బేరం పూర్తి బేరం కాదు.

తెలుగువారికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన తికమక ఉంది. మారుతి 800 ఉత్పత్తి 2014 జనవరిలో ఆగింది. తెలంగాణ రాష్ట్రం 2014 జూన్ 2న ఏర్పడింది. కాబట్టి తెలంగాణ జిల్లాలలో నమోదైన మారుతి 800లు దాదాపు అన్నీ ఏపీ నంబరుతోనే ఉంటాయి. ఏపీ 1 ఆదిలాబాదుది, ఏపీ 22 మహబూబ్‌నగర్‌ది, ఏపీ 23 మెదక్‌ది, ఏపీ 25 నిజామాబాదుది, ఏపీ 9 హైదరాబాదుది. నాందేడ్, రాయచూరు, బీదర్ ప్రాంతాలలో ఇటువంటి నంబరు గల కారు కొనేవారు ఎన్.ఓ.సి. కొరకు తెలంగాణ కార్యాలయాన్ని ఆశ్రయించవలసి ఉంటుంది. నంబరులోని ఏపీని చూచి ఆంధ్రప్రదేశ్ కార్యాలయానికి వెళితే ప్రయాణం వృథా. అదే విధంగా పి.వై. 04 యానాం నంబరు. పన్ను తక్కువని అక్కడ నమోదు చేయించి ఆంధ్రప్రదేశ్‌లో శాశ్వతంగా తిప్పితే 47వ సెక్షను వర్తిస్తుంది.

మరొక సూచన. 2010 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.4 నియమాలు అమలైన 13 నగరాలలో మారుతి 800 విక్రయం నిలిచింది. వాటిలో హైదరాబాదు, బెంగళూరు, చెన్నై, తెలుగు పద్మశాలీలు తరతరాలుగా స్థిరపడిన షోలాపూర్ ఉన్నాయి. 2012లో తయారైన కారు బెంగళూరులోనే కొత్తగా నమోదైనదని ఎవరైనా చెబితే ఆర్.సి.ని జాగ్రత్తగా చదవవలెను. చాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద ఉన్నవీ ఆర్.సి.లో ఉన్నవీ అక్షరం తప్పకుండా కలవవలెను. అప్పు తీరిందో లేదో కూడా చూడవలెను.

నమోదు 15 ఏళ్లకు చెల్లుతుంది. తరువాత బండిని తనిఖీ చేయించి ఐదేళ్లకొకసారి పునరుద్ధరించవలెను. 2022 ఏప్రిల్ 1 నుండి కేంద్రం కారు పునరుద్ధరణ రుసుమును రూ.600 నుండి రూ.5,000కు పెంచింది. 2025 ఆగస్టు ప్రకటనలో 20 ఏళ్లు దాటిన కార్లకు దానిని రూ.10,000 చేసింది. గడువు దాటితే నెలకు రూ.500 అదనం. తనిఖీ రుసుము వేరు. కర్ణాటక, మహారాష్ట్ర వంటి రాష్ట్రాలలో పాత వాహనాలపై హరిత పన్ను కూడా ఉంది. రూ.40,000 పెట్టి 20 ఏళ్ల కారు కొన్నవారికి ఈ రుసుములు ధరలో పెద్ద భాగమే అవుతాయి.

సంవత్సర వ్యయం: ఒక నమూనా లెక్క

నెలకు 500 కి.మీ. తిరిగే కుటుంబాన్ని తీసుకుందాము. సంవత్సరానికి 6,000 కి.మీ. లీటరుకు 15 కి.మీ. వస్తే 400 లీటర్లు. లీటరు రూ.105 అనుకుంటే పెట్రోలు రూ.42,000. 1,000 సి.సి.కి లోపు కార్ల మూడవపక్ష బీమా ప్రీమియం 2022 జూన్ 1న నిర్ణయించిన ప్రకారం రూ.2,094, 18 శాతం జి.ఎస్.టి.తో సుమారు రూ.2,471. పునరుద్ధరణ రుసుము ఐదేళ్లకు పంచితే ఏడాదికి రూ.1,000. ఆయిల్, ఫిల్టర్లు, సర్వీసింగుకు రూ.6,000, టైర్లకు రూ.3,000, బ్యాటరీకి రూ.2,000, మరమ్మతుల నిధిగా రూ.12,000 కేటాయిస్తే మొత్తం రూ.68,471 అవుతుంది. అంటే కి.మీ.కు సుమారు రూ.11.40. ఇందులో పెట్రోలు కాక మిగిలిన ఖర్చు రూ.26,471.

ఈ అంకెల స్థానంలో ఎవరి ఊరి ధరలు వారు వేసుకోవలెను. పద్ధతి మాత్రం మారదు. అదే కారు సగం దూరమే తిరిగితే పెట్రోలు సగమవుతుంది గాని మిగిలిన ఖర్చు అంతగా తగ్గదు, కి.మీ. ధర దాదాపు రూ.16కు చేరుతుంది. నెలకు రెండుసార్లు పెండ్లికో, ఆసుపత్రికో వెళ్లే కుటుంబానికి అద్దె కారు చౌక కావచ్చు. రోజూ పనికి తిరిగేవారికి సొంత కారు గిట్టుబాటు కావచ్చు.

సరిహద్దు దాటి పెట్రోలు పోయించడం కూడా లెక్కకు నిలవవలెను. యానాంలో పెట్రోలు పొరుగు ఆంధ్రప్రదేశ్ కంటె చౌక. లీటరుకు రూ.10 తేడా ఉండి 20 లీటర్లు పోయిస్తే మిగిలేది రూ.200. అందుకోసమే రానుపోను 30 కి.మీ. తిరిగితే రెండు లీటర్లు, అనగా రూ.200 పైగా ఖర్చు. ఆ దారిన వేరే పని ఉన్నప్పుడే ఆదా నిజమైన ఆదా.

కొనేముందు వరుస క్రమం

మొదట కాగితాలు, తరువాత దేహం, ఆ తరువాత ఇంజను. చాలామంది దీనిని తలక్రిందులుగా చేస్తారు. ఇంజను శబ్దానికి ముచ్చటపడి, రంగుకు మురిసి, చివరికి ఎన్.ఓ.సి. దొరకదని తెలిసి బాధపడతారు. కాగితాలు సరిపోయిన తరువాత పగటి వెలుతురులో తుప్పు చూడవలెను. బండిని ముందుగా వేడి చేయకుండా ఉంచమని అమ్మేవారిని కోరి, చల్లని ఇంజనును తామే వేసి పొగ చూడవలెను. పిదప కనీసం 10 కి.మీ. నడిపి వేడి ముల్లు, బ్రేకు, క్లచ్, స్టీరింగు పరీక్షించవలెను. అమ్మేవారికి సంబంధం లేని మెకానిక్కుకు చూపించి ఇచ్చే కూలి, మొత్తం బేరంలో అతి చిన్న ఖర్చు.

కొన్న వెంటనే ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేకు ద్రవం, టైమింగ్ బెల్టు, రేడియేటర్ గొట్టాలు మార్పించి తేదీ, కిలోమీటరు ఒక పుస్తకంలో వ్రాసుకోవలెను. ఆ పుస్తకం తరువాతి మరమ్మతులకు ఆధారం. తిరిగి అమ్మేటప్పుడు విలువ.

ఎప్పుడు వదులుకోవాలి అనే ప్రశ్నకు కూడా సమాధానం ఈ పుస్తకంలోనే దొరుకుతుంది. దేహం గట్టిగా ఉండి ఇంజను మాత్రమే చెడితే మరమ్మతు అర్థవంతం. నేల, గడపలు, షాక్ అబ్జార్బర్ చోట్లు తుప్పు తిన్న కారుకు కొత్త ఇంజను వేయడం కూలే గోడకు సున్నం కొట్టడం వంటిది. పునరుద్ధరణ గడువు సమీపించిన ఏడాదిలో పెద్ద మరమ్మతు వచ్చిపడితే, రుసుము, పన్ను, మరమ్మతు మూడూ కలిపి, అదే సొమ్ముకు లభించే మరొక కారుతో పోల్చి నిర్ణయించవలెను.